మిలాను కాపరి: పునీత చార్లెస్ బొరోమియోగారి జీవితము

భూగర్భగనిలో పని మొదలగుటకు ముందు సర్దారు చేతికఱ్ఱతో పైకప్పును తట్టి చూచుట మా గోదావరిఖని ప్రాంతమున చిన్నపిల్లలకు సైతము తెలిసిన సంగతి. గట్టి రాయి గట్టిగా మ్రోగును. లోపల పగులువాఱిన రాయి డొల్లగా మ్రోగును. ఆ డొల్లచప్పుడు విన్నవాడు దానిని పైకి చెప్పక దాచెనేని ఆనాటికి పని సాగవచ్చును గాని, మఱునాడు కప్పు కూలినపుడు లోనికి దిగినవారు ఇల్లు చేరరు. కావున తట్టి చూచువానిని గనికి శత్రువని యెవ్వరును అనరు. వాడే గనికి ఆప్తుడు.

తిరుసభయందును ఇట్టి డొల్లచప్పుడు వినవచ్చిన కాలములు కలవు. 2002 లో అమెరికాలోని బోస్టన్ అగ్రపీఠమున కొందఱు గురువులు బాలబాలికలపై చేసిన దుష్కార్యములును, పెద్దలు వానిని ఏండ్లతరబడి కప్పిపుచ్చిన తీరును లోకమునకు వెల్లడి కాగా, ఆ యేటి డిసెంబరులో అచటి అగ్రపీఠాధిపతి పదవిని వీడవలసివచ్చెను. అంత దూరము పోనేల? 2016 ఏప్రిల్ నెలలో మన తెలుగుదేశమునందే కడప పీఠాధిపతిని కొందఱు అపహరించి కొట్టిరి. పట్టుబడినవారిలో గురువులును ఉండిరని విని తెలుగు కతోలికులు తలలు వంచుకొనిరి. 2018 లో ఆ పీఠాధిపతియు పదవిని విడిచిరి. కంచెయే చేను మేసినచో ఇక కావలి యెవ్వరని ప్రజలు అడుగుట న్యాయమే. ఇట్టి సభయందు మేమేల నిలువవలెనని మాతోడి విద్యార్థులు అడుగుటయు న్యాయమే.

మేము ఈ ప్రశ్నకు వాదముతో బదులు చెప్పబోము. సుమారు ఎనుబదియేండ్లు తన కాపరి ముఖము చూడక చెడియున్న యొక మహామేత్రాసనమును తిరిగి నిలువబెట్టిన యొక మనుష్యుని జీవితమును చదువరుల ముందుంచుచున్నాము. ఆ మేత్రాసనము ఇటలీదేశపు మిలాను. ఈ పేరు మనకు పరాయిది కాదు. 1850 లో లొంబార్దీ ప్రాంతమున ఏర్పడి మిలాను నగరమున నెలకొన్న వేదబోధక సంఘమువారే 1855 నుండి హైదరాబాదు రాజ్యమున వేదబోధ చేసిరి. 1952 లో ఓరుగల్లు మేత్రాసనము ఏర్పడగా దానికి మొదటి పీఠాధిపతియైన అల్ఫోన్సో బెరెత్తాగారును ఆ సంఘమువారే. ఉత్తర తెలంగాణపు విశ్వాసమునకు ఊటలైన వానిలో నొకటి ఆ మిలానునుండి పాఱినది.

చార్లెస్‌గారు 1538 వ సంవత్సరము అక్టోబరు 2 వ తేదీన మజ్జోరే సరస్సు ఒడ్డుననున్న అరోనా కోటలో జన్మించిరి. తండ్రి జిల్‌బెర్తో బొరోమియో ప్రభువు. తల్లి మెదీచీ వంశపు మార్గరీతమ్మ. ఆ కాలమున గొప్ప కుటుంబములవారు పెద్దకుమారునికి భూమియు, చిన్నకుమారునికి ఏదేని యొక దేవాలయపు ఆదాయమును సంపాదించి పెట్టుట వాడుక. ఆ వాడుక ననుసరించి చార్లెస్‌గారికి పండ్రెండవయేటనే అరోనాలోని యొక మఠపు ఆదాయము పినతండ్రినుండి సంక్రమించెను. ఆ బాలుడు తండ్రియొద్దకు పోయి, తన చదువునకు కావలసిన సొమ్ము తప్ప మిగిలినదంతయు పేదలదేయని, దానిని ఇంటి ఖర్చులకు వాడరాదని వినయముగా విన్నవించెనట. తన చుట్టునున్న యేర్పాటులోని దోషమును ఆ పసిమనస్సు అప్పుడే గుర్తించెను.

బాల్యమున ఆయన మాట తడబడుచుండెను. దానిచే కొందఱు ఆయనను మందబుద్ధియని తలంచిరి. ఆయన మాత్రము పవీయా విద్యాపీఠమున ఓర్పుతో చదివి, తల్లియు తండ్రియు గతించిన పిదప, 1559 లో ధర్మశాస్త్రములందు పండితపట్టము పొందిరి. అదే యేట డిసెంబరు 25 వ తేదీన ఆయన మేనమామ నాలుగవ పయస్ నామముతో జగద్గురువుగా ఎన్నికయైరి. మఱుసటి జనవరి నెలాఖరునకే ఇరువదియొక్క యేండ్ల మేనల్లుడు కార్డినల్ ఆయెను. కొలది దినములకే మిలాను అగ్రపీఠపు పాలనాధికారమును ఆయనకే లభించెను. అప్పటికి ఆయన గురుపట్టమైనను పొందియుండలేదు.

చదువరులారా, మేము దీనిని దాచము. ఈ మహాపురుషుడు పదవిలోనికి వచ్చిన ద్వారము ఆనాటి తిరుసభను పట్టి పీడించుచున్న బంధుప్రీతియే. మిలాను ఆదాయము రోమునకు చేరుచుండెను. మిలాను కాపరి రోములోనే యుండెను. పట్టుబట్టలు ధరించిన సేవకులు నూఱుమందికి పైగా ఆయన ఇంట మెలగుచుండిరి. ఆయన తరువాతి కాలమున ఏ రోగమును నయము చేయబూనిరో, ఆ రోగము ఆయన యింటనే యుండెను.

1562 నవంబరులో ఆయన అన్నగారైన ఫెదెరీకో హఠాత్తుగా మరణించెను. వంశమునకు మగదిక్కు చార్లెస్‌గారే యగుటచే, వైదికజీవితమును విడిచి వివాహమాడి సంపదను నిలుపుమని బంధువులు తొందరపెట్టిరి. అన్న శవపేటిక ముందు ఆయన నేర్చుకొన్న పాఠము వేఱు. 1563 లో గురుపట్టమును, ఆ యేటి డిసెంబరు 7 వ తేదీన, అనగా పూర్వము మిలానును ఏలిన పునీత అంబ్రోసుగారి పండుగనాడు, మేత్రాణుల అభిషేకమును పొందిరి. దానికి మూడుదినముల ముందే త్రెంతు మహాసభ ముగిసెను. 1545 లో మొదలై, పలుమార్లు ఆగి, తిరిగి కూడిన ఆ మహాసభ చివరిభాగమును నడిపించుటలో ఉత్తరములు వ్రాయుచు, చిక్కులు విప్పుచు రాత్రింబవళ్లు శ్రమించినది చార్లెస్‌గారే. పీఠాధిపతి తన ప్రజలనడుమ కాపురముండవలెను. తన మేత్రాసనమును స్వయముగా దర్శింపవలెను. గురువులు కాదలచిన యువకులకు గురువిద్యాలయములను స్థాపింపవలెను అనునవి ఆ మహాసభ చేసిన కట్టడలలో ముఖ్యములు. వానిని అందఱకు వ్రాసి పంపినవాడే వానిని పాటింపక రోములో నుండుట ఆయనకు ముల్లువలె గ్రుచ్చుకొనెను.

1564 లో ఆయన నికోలో ఒర్మనేతోగారిని తన ప్రతినిధిగా మిలానునకు పంపిరి. ఆయన సమర్థుడు, భక్తుడు. అయినను ప్రతినిధి మాటను మిలాను గురువులు చెవినిడరైరి. కాపరి రాక కాపరి యుత్తరము వచ్చినచో మంద లెక్కపెట్టునా? తుదకు మేనమామను బ్రతిమాలి సెలవు పొంది, 1565 సెప్టెంబరు 23 వ తేదీన చార్లెస్‌గారు మిలాను ప్రవేశించిరి. ఆ డిసెంబరులో మేనమామ గతించుటచే కొంతకాలము రోమునందు చిక్కుకొనినను, 1566 ఏప్రిల్ నుండి ఆయన మిలానునందే కాపురముండిరి.

అచట ఆయన చూచిన దృశ్యమును విన్నచో హృదయము బరువెక్కును. రెండువేలకు పైగా దేవాలయములును, మూడువేలకు పైగా వైదికులునుగల ఆ మహాప్రదేశమున పెక్కు విచారణలందు దివ్యబలిపూజ మంత్రములు చక్కగా చదువజాలని గురువు లుండిరి. కొందఱు బ్రహ్మచర్యవ్రతమును తప్పి సంసారము చేయుచుండిరి. కొందఱు నాలుగైదు గుళ్ల ఆదాయమును అనుభవించుచు ఒక్కదానియందును కనబడకుండిరి. మఠములలో నియమము సడలెను. దేవాలయములందు ధాన్యము నిలువచేయుదురు, సంతబేరము లాడుదురు. ప్రజలకు ప్రభుప్రార్థనయైనను రాదు. పెద్దలు లేని యింట పిల్లలు చెడినట్లు ఆ మేత్రాసనము చెడియుండెను.

చార్లెస్‌గారు మొదట ఇతరులను దిద్దబోలేదు; తన యింటిని దిద్దుకొనిరి. సేవకులను తగ్గించిరి. ఇతర ప్రాంతములందు తనకుగల ఆదాయములను వదలుకొనిరి. ఓరియా సంస్థానమును అమ్మగా వచ్చిన 40,000 బంగారు నాణెములను ఒక్కదినముననే పేదలకు పంచిపెట్టిరి. రొట్టెయు నీరును ఆహారముగా పెక్కుదినములు గడిపిరి. తమ మెడకు లేని కాడిని ఇతరులపై మోపుచున్నాడని ఆయనను ఎవ్వరును అనజాలకపోయిరి.

పిదప ఆయన మేత్రాసనదర్శనమునకు బయలుదేరిరి. ఇది మందిమార్బలముతో చేసిన ఊరేగింపు కాదు. కంచరగాడిదపైనను, దారి లేనిచోట కాలినడకను, మంచుపడిన ఆల్ప్స్ కొండలోయలకు సైతము పోయి, ఒక్కొక్క గుడి తలుపు తెఱచి, లెక్కలు చూచి, గురువులను పరీక్షించి, ప్రజలను విచారించి, కన్నది కన్నట్లు వ్రాయించిరి. మా గని సర్దారు పైకప్పును తట్టుటవంటిదే ఈ దర్శనము. ఎచట డొల్లచప్పుడు వినబడెనో అచట గుర్తుపెట్టించిరి. ఆయన కాలమున ఆఱు ప్రాంతీయసభలును, పదునొకండు మేత్రాసనసభలును జరిగెను. చూచినది చూచినట్లు సభలో పెట్టుటయు, సభలో నిర్ణయించినది తిరిగిపోయి చూచుటయు ఆయన పద్ధతి.

దోషిని శిక్షించుటతో ఆయన తృప్తిపడలేదు. చదువురాని గురువు తప్పు సగము అతనిదైనచో, సగము అతనికి చదువు చెప్పనివారిదని ఆయన యెఱుగుదురు. కావుననే గురువిద్యాలయములను స్థాపించి, యోగ్యులైన యువకులను ఏరి, ఏండ్లతరబడి శిక్షణ ఇప్పించిరి. 1578 లో పీఠాధిపతి యెచటికి పంపిన అచటికి పోవుటకు సిద్ధముగానుండు గురువుల సమాజము నొకదానిని పునీత అంబ్రోసుగారి పేర ఏర్పఱచిరి. పాపసంకీర్తనము విషయమున ఆయన చేసిన యేర్పాటు మిక్కిలి గమనింపదగినది. గురువునకును వచ్చినవారికిని నడుమ అడ్డుపలకయు, దానికొక జాలియు ఉండవలెననియు, ఆ పీట దేవాలయమున నలుగురికి కనబడుచోట నుండవలెననియు కట్టడచేసిరి. 1577 లో ఆయన వెలువరించిన దేవాలయ నిర్మాణ నిబంధనలలో ఆ పీట కొలతలు సైతము కలవు. మనుష్యుని మంచితనమును నమ్ముచునే, చెడుగునకు చోటులేని విధముగా గదిని కట్టవలెనని ఆయన నాలుగు శతాబ్దములకు పూర్వమే గ్రహించిరి.

బాలబాలికలయెడ ఆయనకుగల శ్రద్ధ అపారము. ఆదివారములందు సత్యోపదేశము నేర్పు బడులను ఊరూర నెలకొల్పిరి. ఆయన మరణించునాటికి అట్టి బడులు సుమారు 740, ఉపదేశకులు 3,000, విద్యార్థులు 40,000 అని లెక్క. వీనిలో బోధించువారు చాలవఱకు సామాన్య గృహస్థులు, స్త్రీపురుషులు. యువకులకు పాలకుడైన పునీత అలోషియస్ గొంజాగాగారికి 1580 లో ప్రథమ దివ్యసత్ప్రసాదము నిచ్చినదియు చార్లెస్‌గారే. మేత్రాసనపు పునరుద్ధరణము గురువుల గదులలో మాత్రమే కాక పిల్లల పలకలపైనను జరుగునని ఆయన నమ్మిరి.

ఇట్టి పనికి శత్రువులు పుట్టకుందురా? 1569 ఆగస్టులో స్కాలా దేవాలయపు వైదికులు ఆయన తనిఖీకి రాగా తలుపులు మూసి, ఆయుధములతో ఎదిరించిరి. ఉమిలియాతీ అను పూర్వకాలపు మఠసంఘము మఱియు దిగజారియుండెను. తొంబదికి పైగా మఠముల ఆస్తిని సుమారు 170 మంది అనుభవించుచుండిరి. చార్లెస్‌గారు నియమము నేర్పబోగా వారిలో కొందఱు కుట్రపన్నిరి. 1569 అక్టోబరు 26 వ తేదీ సాయంకాలము ఆయన తన ప్రార్థనాలయమున పీఠము ముందు మోకరిల్లియుండగా, ఆ సంఘపు గురువైన ఫరీనా అనువాడు వెనుకనుండి తుపాకి ప్రేల్చెను. గుండు వస్త్రములను తాకి, వీపున కమిలిన మచ్చను మాత్రము మిగిల్చి, క్రిందపడెను. చుట్టునున్నవారు కేకలువేయుచు లేవగా, ఆయన ప్రార్థన ముగియువఱకు కదలవలదని సైగచేసిరి. కుట్రదారులను క్షమింపుమని పిదప ఆయన వేడుకొనినను ప్రభుత్వము వారికి 1570 లో మరణదండన విధించెను. 1571 లో ఐదవ పయస్ జగద్గురువులు ఆ సంఘమును రద్దుచేసిరి. గురువుచేత గురువు కాల్చబడిన నాడు మిలాను ప్రజలు ఎంత కుమిలిరో మేము ఊహింపగలము. కాని తుపాకి ప్రేలిన ఆ ఘోరమే లోపలి కుళ్లును బయటపెట్టెను. బయటపడినదానిని కడుగుట సాధ్యమాయెను.

1570 లో కఱవు రాగా ఆయన మూడునెలలు ప్రతిదినము సుమారు మూడువేలమందికి అన్నము పెట్టిరి. 1576 లో ప్లేగు మహామారి మిలానుపై పడెను. దేశాధికారియు, కలిగినవారును నగరము విడిచిపోయిరి. చార్లెస్‌గారు వీలునామా వ్రాసి, ఆ మృత్యునగరమున నిలిచిరి. రోగులున్న సత్రములకు స్వయముగా పోయి దివ్యసంస్కారములు ఇచ్చిరి. వెండిపాత్రలు కరగించిరి, అప్పులు చేసిరి, తమ భవనపు తెరలను, గోడలకు వ్రేలాడు వస్త్రములను చింపించి, బట్టలు లేనివారికి అంగీలు కుట్టించిరి. జనులు ఇండ్లు వెడలరాదని ఆజ్ఞ పుట్టగా, వీధుల కూడళ్లలో పీఠములు కట్టించి, కిటికీలనుండియే బలిపూజను చూచునట్లు చేసిరి. మెడకు త్రాడు వేసికొని, వట్టికాళ్లతో సిలువను మోయుచు ప్రాయశ్చిత్తపు ఊరేగింపులు నడిపిరి. ఆ మహామారిచే నగరమున సుమారు 17,000 మంది మరణించిరని చరిత్రకారులు వ్రాసిరి. ఇన్నాళ్లు కట్టడలకు జంకి దూరముగానున్న ప్రజలు, ఆయన రక్తపు అడుగులను చూచి, ఈయన మావాడని తెలిసికొనిరి. శాసనములు చేయజాలని పనిని ఆ దుఃఖసహవాసము చేసెను.

ఆయనయందు లోపములు లేవని మేము చెప్పము. ఆయన స్వభావము కఠినము. తమపై తాము చూపిన కాఠిన్యమును ఇతరులపైనను కొన్నిమార్లు చూపిరి. దేశాధికారులతో కలహములు పెక్కు జరిగెను. 1583 లో ఆయన మెసోల్చీనా లోయను దర్శించినపుడు, మంత్రగత్తెలని నిందింపబడిన స్త్రీలు కొందఱు దహింపబడిరి. ఆ కాలపు మూఢత్వము పునీతుని సైతము విడువలేదు. డొల్లచప్పుడును వినుట మనకు నేర్పినవాని జీవితమునందే మేమును దానిని వినకపోయినచో, ఆయన పాఠము మాకు అందనట్లే యగును.

1584 అక్టోబరులో వరాల్లో కొండపై ధ్యానమున నుండగా ఆయనకు జ్వరము సోకెను. శరీరము ఉపవాసములచేతను, ప్రయాణములచేతను అప్పటికే కృశించియుండెను. మిలానునకు తిరిగివచ్చి నవంబరు 3 వ తేదీ రాత్రి, నలువదియాఱవ యేట ప్రభువునందు నిద్రించిరి. 1610 నవంబరు 1 వ తేదీన ఐదవ పాల్ జగద్గురువులు ఆయనను పునీతునిగా ప్రకటించిరి. ఆయన పండుగ నవంబరు 4 వ తేదీ. ఆయన జన్మస్థలమైన అరోనాలో 1698 లో పూర్తియైన రాగిస్వరూపము పీఠముతో కలిసి ముప్పదియైదు మీటర్ల యెత్తున నేటికిని నిలిచియున్నది.

అంతకంటె గొప్ప స్మారకము వేఱొకటి కలదు. 1906 లో రొంకాల్లియను యువగురువు మిలాను అగ్రపీఠపు పురాతనపత్రముల భాండారమున, చార్లెస్‌గారు 1575 లో బెర్గమో మేత్రాసనమును దర్శించినపుడు వ్రాయించిన పత్రములను కనుగొనెను. వానిని సంపుటములుగా ప్రకటించుటకు ఆయనకు అర్ధశతాబ్దము పట్టెను. ఆ రొంకాల్లిగారే 1958 లో ఇరువదిమూడవ యోహాను జగద్గురువులై, తమ కిరీటధారణమునకు నవంబరు 4 వ తేదీనే కోరుకొనిరి. 1962 లో రెండవ వాటికను మహాసభను ప్రారంభించిరి. ఒక కాపరి నిజాయితీగా వ్రాయించి పెట్టిన తనిఖీ పత్రములు దాదాపు నాలుగువందల యేండ్ల తరువాత మఱియొక కాపరికి దారిచూపినవి.

ఈ జీవితమునుండి మాకు తెలిసినది ఒక్కటే. మేత్రాసనమునకు ఆశ నిందలు అణగిపోవుటయందు లేదు. కాపరి ప్రజలనడుమకు వచ్చి, కప్పును తట్టి, విన్నదానిని దాచక చెప్పి, ముందు తన్ను తాను దిద్దుకొని, పిదప పిల్లలకు చదువు చెప్పుటయందు కలదు. చార్లెస్‌గారి కాలమున పీఠాధిపతి న్యాయస్థానమే గురువులను విచారించెను. నేడు మన దేశమున 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము బాలలపై జరిగిన నేరమును పోలీసులకు తెలుపుట ప్రతివారి విధి. గురువునకును మినహాయింపు లేదు. 2019 మే నెలలో ఫ్రాన్సిస్ జగద్గురువులు ఇట్టి ఫిర్యాదులను స్వీకరించు ఏర్పాటు ప్రతి మేత్రాసనమునందును ఉండవలెనని శాసించిరి. ఆ శాసనము కాగితముపై నిలుచునో, కాపరుల కాళ్లలో నడచునో అనునది మన తరమువారి చేతిలో నున్నది.

సోదర సోదరీ విద్యార్థులారా! మీలో ఎవ్వరికైనను, ఎంత గొప్పవారివలననైనను కీడు జరిగినచో, తల్లిదండ్రులకు చెప్పుడు, నమ్మదగిన ఉపాధ్యాయులకు చెప్పుడు, 1098 అను బాలల సహాయపు సంఖ్యకు తెలుపుడు. అది తిరుసభకు ద్రోహము కాదు. డొల్లచప్పుడును విని కేకవేసిన గనికార్మికుడు తోటివారి ప్రాణములను కాపాడినట్లే, మీరును దేవుని యింటిని కాపాడినవారగుదురు. మీలో గురువులు, కన్యాస్త్రీలు, ఉపదేశకులు కాదలచినవారు చార్లెస్‌గారి వట్టికాళ్లను జ్ఞాపకముంచుకొనుడు. మిలానునకు ఎనుబదియేండ్ల చీకటి పిదప కాపరి వచ్చెను. మన మేత్రాసనములకును అట్టి కాపరులు కలుగునట్లును, వారు మన పాఠశాలల బల్లలనుండియే లేచివచ్చునట్లును సర్వేశ్వరుడు అనుగ్రహించుగాక.